షవర్ అంటే చిన్న వానేనా? ఆంగ్ల వానమాటల ఎంపికపై ఒక పరిశీలన

ఇంగ్లిషు నేర్చుకునేవారు వానమాటలను చాలాసార్లు ఒక నిచ్చెనలా పేర్చుకుంటారు. అడుగు మెట్టు డ్రిజిల్, ఆపైన షవర్, తర్వాత రెయిన్, కొసన డౌన్‌పోర్. వాతావరణ పరిశీలకులు ఈ మాటలను వాడే తీరు చూస్తే ఈ వరుస నిలవదు. చినుకు ఎంతటిది, ఏ మబ్బు నుంచి రాలింది, ఎలా మొదలై ఎలా ఆగింది అన్నవే వారికి ముఖ్యం. ఎంత తడిసిందన్న లెక్క ఆ తర్వాతే.

డ్రిజిల్‌కు గీటురాయి చినుకు పరిమాణం. ప్రపంచ వాతావరణ సంస్థ నిర్వచనం ప్రకారం 0.5 మిల్లీమీటర్ల లోపు వ్యాసమున్న చినుకులు ఒత్తుగా రాలాలి. అవి సాధారణంగా నేలకు దగ్గరగా పరుచుకున్న స్ట్రాటస్ మబ్బు నుంచి వస్తాయి, గాలిలో తేలుతున్నట్టే ఉంటాయి. కాబట్టి ‘హెవీ డ్రిజిల్’ అన్న ప్రయోగంలో వైరుధ్యమేమీ లేదు. ఎంత దట్టంగా కురిసినా చినుకు సన్నగా ఉన్నంతసేపు అది రెయిన్ కాదు. అమెరికాలో డ్రిజిల్ తీవ్రతను చూపుమేరను బట్టి నిర్ణయిస్తారు. పావు మైలుకు మించి కనబడకపోతే అది హెవీ.

షవర్ సంగతి వేరు. ఇక్కడ మబ్బే ప్రధానం. నిలువుగా ఎదిగే క్యుములస్, క్యుములోనింబస్ మబ్బుల నుంచి గబుక్కున మొదలై, చప్పున ఆగిపోయే వాన అది. మధ్యమధ్య ఎండ కూడా కాయవచ్చు. ఆకాశమంతా కమ్ముకున్న నింబోస్ట్రాటస్ నుంచి గంటల తరబడి పడేది రెయిన్. తెలుగువాళ్లు ముసురు అనేదానికి ఇది కొంత దగ్గర. బ్రిటన్ మెట్ ఆఫీస్ రెండింటికీ వేర్వేరు కొలతలు పెట్టుకుంది. రెయిన్ గంటకు 4 మిల్లీమీటర్లు దాటితే హెవీ. షవర్‌ను హెవీ అనాలంటే 10 దాటాలి, 50 దాటితే వయొలెంట్. అంటే ‘చిన్న వాన’ అనుకున్న షవర్ ఒక్కోసారి రెయిన్‌ను మించి దంచికొడుతుంది.

షవర్ తీరు వేరని వ్యాకరణమూ చెబుతుంది. ‘ఇట్ ఈజ్ రెయినింగ్’, ‘ఇట్ ఈజ్ డ్రిజిలింగ్’ అన్నవి నిత్యం వినబడే వాక్యాలు. ‘ఇట్ ఈజ్ షవరింగ్’ అనేవారు అరుదు. విమానాశ్రయాల మెటార్ నివేదికల్లో రెయిన్‌కు ఆర్ఏ, డ్రిజిల్‌కు డీజెడ్ అన్న సంకేతాలుంటాయి. షవర్‌కు వాడే ఎస్‌హెచ్ మాత్రం విశేషణంలా ఆర్ఏ వంటి సంకేతం ముందు చేరుతుంది: ఎస్‌హెచ్ఆర్ఏ. కురిసేది ఏమిటో కాక, కురిసే తీరు ఎలాంటిదో అది తెలుపుతుంది.

మిగతా జంటలు ఇంత చిక్కు పెట్టవు. చూపుమేర కిలోమీటరు లోపుంటే ఫాగ్, అంతకు మించితే మిస్ట్. స్లీట్ మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో అది మంచు కలిసిన వాన, అమెరికాలో గడ్డకట్టిన చినుకులు. గాలిలోని ఉక్కకు హ్యూమిడ్, చెమ్మెక్కిన గోడకు డ్యాంప్ సరిపోతాయి. మాయిస్ట్ కేక్ అంటే మెప్పు. డ్యాంప్ కేక్ అంటే మాత్రం ఎవరూ కొనరు.

ఈ తేడాలు తెలుగు అనువాదకుడికి నిజంగా అడ్డుపడేది భారత వాతావరణ శాఖ బులెటిన్ల దగ్గర. ‘థండర్‌షవర్స్’ను ‘ఉరుములతో కూడిన జల్లులు’ అనడం పరిపాటి. జల్లు అనగానే తెలుగు చెవికి తేలికపాటి వానే స్ఫురిస్తుంది. పైగా ఆ శాఖ ‘హెవీ రెయిన్’ అనేది 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితేనే. అది రోజు లెక్క, మెట్ ఆఫీస్‌ది గంట లెక్క. కాబట్టి లండన్ బులెటిన్‌లోని హెవీనీ, హైదరాబాద్ బులెటిన్‌లోని హెవీనీ ఒకే ‘భారీ’తో సరిపెట్టే అనువాదకుడు పక్కన ఆ అంకెలు కూడా ఇవ్వక తప్పదు.