పావులూరి వారి పాఠం

లెక్కల మేష్టారుగా చేరిన కొత్తల్లో కాకినాడ దగ్గర ఒక కాలేజీలో ప్రసంగించమని నన్ను పిలిచారు. ఒకే సిద్ధాంతానికి మూడు నిరూపణలు బోర్డు నిండా రాశాను. మూడోది ఎత్తుకునేసరికి ముందు బెంచీ కుర్రాళ్లు పెన్నులకు మూతలు పెట్టేశారు. నా తప్పేమిటో చాలా ఏళ్ల తరవాత, పావులూరి మల్లన గురించి చదివాక తెలిసింది.

850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో ‘గణితసారసంగ్రహం’ రాశాడు. దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మల్లన. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి నుంచి మల్లన వంశానికి పిఠాపురం దగ్గరి నవఖండవాడ గ్రామం దానంగా దక్కింది. పుస్తకం రాసింది ఆ దానం పొందిన తాతా, అదే పేరున్న మనవడా అన్నది పండితుల మధ్య ఇంకా తెగని వాదం.

నన్ను పట్టి నిలిపింది మల్లన చేసిన కోత. వర్గం కట్టడానికి మహావీరుడు 5 పద్ధతులు చెప్పాడు, ఘనానికి 7. మల్లన ఒక్కొక్కటే ఉంచాడు. ఉదాహరణల దగ్గర మాత్రం చెయ్యి బిగబట్టలేదు. సంస్కృతంలో లేనివి గుణకారంలో 45, భాగహారంలో 21 చేర్చాడు. అన్నిటికీ జవాబులు అటునుంచి చదివినా ఇటునుంచి చదివినా ఒకటిగా ఉండే అంకెల వరసలే.

ఆ వరసలను మహావీరుడు కంఠాభరణాలన్నాడు. ఆయన ఇచ్చిన లెక్కే ఒకటి: 139ని 109తో గుణిస్తే 15151. మరొకటి: 152207ని 73తో గుణిస్తే 11111111. ఒక్క అంకె తప్పినా హారం తెగుతుంది. సరిగ్గా చేశానా అని గురువును అడగక్కర్లేదు, జవాబే చెబుతుంది. తెలుగులో లెక్కలు నేర్పడానికి కూర్చున్న మనిషి ఇలాంటివే ఏరి ఏరి పెంచడంలో, ఎదుటివాడి మీద ఆయనకున్న గౌరవం నాకు కనిపిస్తుంది.

అప్పటినుంచి ప్రసంగం తయారు చేసుకునేటప్పుడు ముందు కొట్టివేతలే. గంటకు ఒక్క ఫలితం, ఒక్క దారి. మిగిలిన పొద్దంతా వినేవాళ్ల చేతితో చేయించే లెక్కలు వెతకడానికి.

మొన్న డిసెంబరు 22న, రామానుజన్ పుట్టినరోజున, మా ఊరి బడిలో 139, 109 బోర్డు మీద రాసి సుద్దముక్క కింద పెట్టాను. కాసేపటికి మూడో వరసలో ఒక అమ్మాయి తలెత్తింది. నా వైపు చూడలేదు. పక్కనున్న పిల్ల ముందుకు నోటుబుక్కు జరిపి, చివరి అంకె నుంచి వెనక్కి వేలు పెట్టి చదివి వినిపించింది.