తీగ తెగలేదు, మాట తెగింది

మన సంఘం గదిలోని కంప్యూటరు కిందటి లైఫ్ సర్టిఫికెట్ల సీజనులో ఎంత ఇబ్బంది పెట్టిందో సభ్యులకు తెలిసిందే. ఒక ఫ్యామిలీ పెన్షనరు అమ్మగారు ఆటో కట్టించుకుని మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ వివరాలన్నీ టైపు చేసి, వేలిముద్ర పెట్టించి, పంపబోయే సమయానికి ఇంటర్నెట్టు ఆగిపోయింది. తీగ పెట్టినచోటే ఉంది, రౌటరు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. మూడోసారి ఆమె, "ఇంతకీ నేను బతికున్నట్టా లేనట్టా బాబూ?" అని నవ్వుతూనే అడిగారు గాని, మాలో ఎవరికీ నవ్వు రాలేదు. ఆ కాగితం వెళ్లకపోతే పెన్షను ఆగుతుంది, ఆమెకు వేరే ఆధారం లేదు. మెకానిక్కు రెండుసార్లు వచ్చి, "డ్రైవరు ప్రాబ్లమండీ, మళ్ళీ వేశాను" అన్నాడు. అయినా ఆగకపోయేసరికి మదర్‌బోర్డు మార్చాలని ఏడువేలకు ఎస్టిమేటు ఇచ్చాడు. కోశాధికారిగారు, "మనకు కారే లేదు, ఈ డ్రైవరెవడండీ?" అన్నారు.

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని సంపాదకులు అడిగినప్పుడు ఆ ప్రశ్నే గుర్తుకొచ్చింది. రాజులూ యుద్ధాలూ రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఈ డ్రైవరు ఎక్కడ పుట్టాడో, నలభై ఏళ్ళకు పైగా ఎందుకు మొరాయిస్తున్నాడో, నాకు తెలిసినంతలో రాస్తాను.

ముందు తీగ సంగతి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీకి ఒక పరిశోధన కేంద్రం ఉండేది. మనం నకలు తీయించడానికి పేరు వాడుకునే ఆ జిరాక్సే. అక్కడ 1973 మే 22న రాబర్ట్ మెట్‌కాఫ్ అనే ఇంజనీరు ఒక మెమో రాశాడు. వేర్వేరు గదుల్లోని కంప్యూటర్లన్నిటినీ ఒకే తీగకు తగిలించి, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా, ఒకే ప్రింటరును అందరూ వాడుకునేలా చేయవచ్చునని దాని సారాంశం. అంతకు ముందు 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య రేడియో ద్వారా కంప్యూటర్లను కలిపింది. అక్కడ ఇద్దరు ఒకేసారి పంపితే సందేశాలు ఢీకొని పాడయ్యేవి, మళ్ళీ పంపుకునేవారు. మెట్‌కాఫ్, ఆయన సహచరుడు డేవిడ్ బాగ్స్ దానికి ఒక మర్యాద చేర్చారు. మాట్లాడే ముందు తీగ మీద ఎవరైనా మాట్లాడుతున్నారేమో వినాలి, మధ్యలో ఢీకొంటే ఇద్దరూ ఆగి తలా కొంతసేపు వేచి మళ్ళీ మొదలుపెట్టాలి. మన జనరల్ బాడీ సమావేశాల్లో ఈ నిబంధన పెట్టవలసిందిగా నేను ఎప్పుడో సూచించాను, ఎవరూ పట్టించుకోలేదు. పాతకాలపు శాస్త్రజ్ఞులు వెలుగు ప్రయాణించేది 'ఈథర్' అనే పదార్థం గుండా అనుకునేవారు. ఆ పేరుతోనే దీన్ని ఈథర్‌నెట్ అన్నారు. మొదటి వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు.

మెట్‌కాఫ్ 1979లో బయటికి వచ్చి 3కామ్ అనే సంస్థ పెట్టాడు. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ అనే మూడు కంపెనీలు కలిసి 10 మెగాబిట్ల ఈథర్‌నెట్‌కు ఉమ్మడి ప్రమాణం ప్రకటించాయి. 1983లో ఇంజనీర్ల సంస్థ అయిన ఐ.ఇ.ఇ.ఇ. కూడా ఆమోదముద్ర వేసింది. ప్రతి కార్డుకూ 48 బిట్ల చిరునామా ఇవ్వాలని, అందులో మొదటి సగం తయారుచేసిన కంపెనీకి ఇంటిపేరులా ఉండాలని నిర్ణయించారు. ఆ ఏర్పాటు నేటికీ మారలేదు.

ఇక డ్రైవరు. కార్డు అనేది తీగకూ కంప్యూటరుకూ మధ్య నిలిచే తపాలా బంట్రోతు అనుకోండి. విండోస్ వంటి మూల ప్రోగ్రాము ఆఫీసరు. ఆఫీసరు భాష బంట్రోతుకు రాదు, బంట్రోతు భాష ఆఫీసరుకు రాదు. మధ్యలో ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీ ప్రోగ్రామే డ్రైవరు. పూర్వం పెద్ద కంప్యూటర్లలో యంత్రం, కార్డు, ప్రోగ్రాము చాలావరకు ఒకే కంపెనీవి గనుక దుబాసీ కూడా ఇంటిమనిషే. 1981లో ఐ.బి.ఎం. పీసీ వచ్చింది, 1982లో దానికి 3కామ్ ఈథర్‌నెట్ కార్డు అమ్మకానికి పెట్టింది. అక్కడినుంచి యంత్రం ఒకరిది, కార్డు ఇంకొకరిది, ప్రోగ్రాము వేరొకరిది. తప్పు జరిగితే ముగ్గురూ ఒకరినొకరు చూపించుకోవడం కూడా అప్పుడే మొదలైందని నా అభిప్రాయం. మూడు సెక్షన్ల మధ్య ఫైలు తిరిగిన అనుభవం ఉన్న మనకు ఇది వింత కాదు.

మొదట్లో ప్రతి నెట్‌వర్కు ప్రోగ్రాముకూ ప్రతి కార్డుకూ విడివిడిగా దుబాసీ కావలసి వచ్చేది. పది రకాల కార్డులు, అయిదు రకాల ప్రోగ్రాములు ఉంటే యాభై మంది దుబాసీలన్నమాట. 1980ల చివర మైక్రోసాఫ్ట్, 3కామ్ కలిసి ఎన్‌డిఐఎస్ అనే ఒప్పందాన్ని, నోవెల్, యాపిల్ కలిసి ఓడిఐ అనే మరో ఒప్పందాన్ని తయారుచేశాయి. కార్డు చేసినవాడు ఒప్పందం ప్రకారం ఒక్క డ్రైవరు రాస్తే చాలు. సంఖ్య తగ్గింది. నాణ్యత సంగతి మాత్రం రాసినవాడి చేతిలోనే ఉండిపోయింది.

తమ నెట్‌వేర్ ప్రోగ్రాము అమ్ముడుపోవాలంటే కార్డులు చవక కావాలని నోవెల్ కంపెనీ ఎన్‌ఈ2000 అనే కార్డును తెచ్చింది. దానికి లెక్కలేనన్ని నకళ్ళు పుట్టాయి. పెట్టెమీద అందరూ "ఎన్‌ఈ2000కు సరిపోతుంది" అనే వేశారు. అన్నీ ఒకేలా ప్రవర్తించేవి కావు. పైగా ఆ రోజుల కార్డులకు జంపర్లని చిన్న చిన్న మీటలుండేవి. కంప్యూటరును పిలవడానికి ప్రతి పరికరానికీ ఒక గంట నంబరు కావాలి. ఎన్‌ఈ2000 మామూలుగా 3వ నంబరు మీద వచ్చేది. రెండో సీరియల్ పోర్టుదీ అదే నంబరు. ఇద్దరు ఒకే గంట కొడితే ఎవరు పిలిచారో ఆఫీసరుకు తెలియక యంత్రం బిగుసుకుపోయేది. నేరం డ్రైవరుది కాకపోయినా పేరు అతనికే వచ్చేది.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో తొలిసారి నెట్‌వర్కు వేసినప్పుడు సన్నని కోయాక్సియల్ తీగ, అంటే టీవీ కేబులు వంటిది, బల్లనుంచి బల్లకు లాగారు. దాని గరిష్ఠ పొడవు 185 మీటర్లు. రెండు చివరలా 50 ఓముల టెర్మినేటర్లు ఉండాలి. అవి లేకపోతే సంకేతం చివరిదాకా వెళ్లి గోడకు తగిలిన బంతిలా తిరిగివచ్చి అందరి మాటలనూ చెడగొడుతుంది. ఒక సోమవారం పొద్దున పన్నెండు కంప్యూటర్లూ ఒకేసారి మూగబోయాయి. రెండు రోజులు డ్రైవర్లు తీసి వేశారు, వేసి తీశారు. మూడోరోజు ఊడ్చే ఆమె, "అయ్యా, బల్లకింద ఈ బిళ్ళ దొరికింది, ఎవరిదండీ?" అని టెర్మినేటరును అరచేతిలో పెట్టి చూపించింది. ఆ రెండు రోజులూ కౌంటరు దగ్గర నిలబడి వెనక్కు వెళ్లిన జనానికి మేం చెప్పిన జవాబు, "డ్రైవరు లేడు, రేపు రండి." 1990లో ఖరారైన మెలితిప్పిన జంట తీగల పద్ధతి వచ్చాక ఆ బాధ తగ్గింది. ప్రతి కంప్యూటరుకూ విడి తీగ, ఒకటి పోతే ఒకటే పోతుంది.

ఆ కాలంలోనే డ్రైవర్లు రాసిన ఒక మనిషిని తప్పక తలుచుకోవాలి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే ఉచిత మూల ప్రోగ్రామును మొదలుపెట్టాడు. కార్డుల కంపెనీలు దాన్ని పట్టించుకోని ఆ రోజుల్లో డొనాల్డ్ బెకర్ అనే ఆయన ఒక్కొక్క ఈథర్‌నెట్ కార్డుకూ డ్రైవరు రాసి ఊరికే పంచిపెట్టాడు. 1994లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసావారి గోడార్డ్ కేంద్రంలో ఆయన, థామస్ స్టెర్లింగ్ కలిసి 16 మామూలు 486 కంప్యూటర్లను ఈథర్‌నెట్‌తో కలిపి, బేవుల్ఫ్ అనే పేరుతో పెద్ద లెక్కలు చేసే యంత్రంగా మలిచారు. ఒక్క తీగ వేగం చాలకపోతే, రెండు తీగలను కలిపి ఒకటిగా వాడుకునేలా డ్రైవరునే సవరించాడాయన. ప్రపంచంలోని అతి పెద్ద కంప్యూటర్లు తరువాత ఈ దారినే నడిచాయి. దుబాసీ మంచివాడైతే ఎంత పని జరుగుతుందో చూడండి.

1995లో వేగం 100 మెగాబిట్లకు పెరిగింది. రెండు చివరలూ మాట్లాడుకుని వేగం ఖరారు చేసుకునే పద్ధతి కూడా అప్పుడే ప్రమాణంలో చేరింది. ఒక చివర ఎవరైనా తెలివికి పోయి 'ఒకేసారి వినడం, చెప్పడం' అని ఖాయంగా పెట్టేస్తే, రెండో చివరకు జవాబు అందక 'ఒకరి తరువాత ఒకరు' పద్ధతిలోకి దిగిపోయేది. కనెక్షను ఉన్నట్టే ఉంటుంది, చిన్న ఉత్తరాలు వెళతాయి, పెద్ద ఫైలు పంపితే నత్తనడక. ఇది ఎన్ని ఆఫీసులను ఏడిపించిందో చెప్పలేను.

2001లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లినక్స్ మూల ప్రోగ్రామును గాలించి, మిగతా భాగాలతో పోలిస్తే డ్రైవర్లలో తప్పుల రేటు మూడునుంచి ఏడు రెట్లదాకా ఉందని తేల్చారు. కాబట్టి డ్రైవరును అనుమానించడం అన్యాయమని నేననను. విచారణ లేకుండా శిక్ష వేయడం గురించే నా బాధ. దానికి 2008లో జరిగిన సంగతి చెబుతాను.

ఆ సంవత్సరం సెప్టెంబరులో లినక్స్ 2.6.27 అనే సంచికను విడుదలకు ముందు పరీక్షిస్తున్నారు. ఇంటెల్‌వారి కొన్ని నెట్‌వర్కు చిప్పులున్న కంప్యూటర్లలో తీగ కనెక్షను ఉన్నట్టుండి చచ్చిపోసాగింది. ఆపి వేసినా రాదు, విండోస్‌లోకి వెళ్లినా రాదు. చిప్పు తన చిరునామా, అమరికలు దాచుకునే చిన్న శాశ్వత జ్ఞాపకంలో ఎవరో చెత్త రాసేశారు. సహజంగానే ఆ చిప్పు డ్రైవరు ఇ1000ఇ మీద అనుమానం పడింది. తరువాత తెర మీద బొమ్మలు చూపే ప్రోగ్రాము మీద పడింది. ముందు జాగ్రత్తగా ఆ శాశ్వత జ్ఞాపకానికి తాళం వేసే సవరణ చేశారు. అక్టోబరు 9న 2.6.27 విడుదలైంది. 15న వెలువడిన సవరణ సంచికలో అసలు దోషిని కట్టేశారు. ఆ దోషికీ నెట్‌వర్కుకూ సంబంధమే లేదు!

అది ఎఫ్‌ట్రేస్ అనే పరిశీలన సాధనం. మూల ప్రోగ్రాములో ఏ పని ఎప్పుడు జరుగుతోందో కనిపెట్టడానికి, ఒక్కొక్క పని జ్ఞాపకంలో ఎక్కడుందో చిరునామాలు రాసుకుని, తరువాత అక్కడికి వెళ్లి చిన్న మార్పు చేస్తుంది. కాని కొన్ని పనులు ఆరంభంలో ఒకసారి జరిగి, తమ చోటు ఖాళీ చేసి వెళ్లిపోతాయి. ఆ ఖాళీ చిరునామా కొన్నిసార్లు నెట్‌వర్కు చిప్పుకు కేటాయింపయ్యేది. బదిలీ అయిన గుమస్తా క్వార్టరులో కొత్త కుటుంబం దిగిందని తెలియక పాత చిరునామాకు నోటీసు పట్టుకుని వెళ్లినట్టన్నమాట. పాపం, అది కూడా జాగ్రత్తగానే వెళ్లింది. "నేననుకున్నది ఇక్కడ ఉంటేనే మారుస్తాను, లేకపోతే ఉన్నదున్నట్టే వదిలేస్తాను" అన్నది దాని నియమం. అయితే అందుకు వాడిన ప్రాసెసరు ఆదేశం, సరిపోలకపోయినా, చదివినదాన్నే తిరిగి అక్కడ రాస్తుంది. మామూలు జ్ఞాపకంలో అలా రాస్తే నష్టం లేదు. చిప్పు ఏలుబడిలోని చోట రాసిన ప్రతి అక్షరమూ ఒక ఆజ్ఞే. దానితో చిప్పు మతి పోయింది. కొన్ని వారాలపాటు నింద మోసిన దుబాసీ నిర్దోషిగా బయటపడ్డాడు.

కార్డుదే తప్పయిన సందర్భాలు కూడా లేకపోలేదు. ఇంటెల్‌వారి 2.5 గిగాబిట్ల ఐ225 చిప్పు తొలి తయారీల్లో లోపం ఉందని ఆ సంస్థే 2020లో ఒప్పుకుంది. వేగం 1 గిగాబిట్‌కు తగ్గించి వాడుకోమన్నారు, తరువాతి తయారీలో సరిదిద్దారు.

ఇప్పుడు మన గదికి వస్తాను. మదర్‌బోర్డు మార్చే తీర్మానాన్ని ఒక వారం వాయిదా వేయించి, నేను ఒక నోటు పుస్తకానికి దారం కట్టి కంప్యూటరు పక్కన వేలాడదీశాను. కనెక్షను పోయిన ప్రతిసారీ తేదీ, గంట, అప్పుడు ఏం చేస్తున్నామో రాయాలి. పెట్టె వెనక తీగ గుచ్చేచోట ఉన్న చిన్న దీపం కూడా చూడాలి. ఇంటర్నెట్టు పోయినప్పుడు ఆ దీపం కూడా నాలుగైదు సెకన్లు ఆరుతోందని మొదటిరోజే తెలిసింది. కనుక ఇంటర్నెట్టు కంపెనీని తిట్టడం ఆపాం. తీగ మార్చాం, మార్పు లేదు. రౌటరులో వేరే రంధ్రంలో గుచ్చాం, మార్పు లేదు. వేగం 1 గిగాబిట్ అని చూపిస్తోంది. దానికి నాలుగు జతల తీగలూ పనిచేయాలి గనుక తీగ నిర్దోషి.

వారం తిరిగేసరికి పుస్తకం చెప్పిన విషయం ఇది. జోరుగా పనిచేస్తున్నప్పుడు ఒక్కసారి కూడా పోలేదు. కాసేపు ఖాళీగా ఉండి మళ్ళీ మొదలుపెట్టినప్పుడే పోయింది. మన అమ్మగారి విషయంలో జరిగిందీ అదే. ఆధార్ నంబరు వెతికి, పీపీఓ నంబరు చూసుకుని, మెల్లగా టైపు చేస్తున్నంతసేపూ తీగ మీద పని లేదు.

2010లో ఈథర్‌నెట్‌కు కరెంటు పొదుపు ప్రమాణం ఒకటి వచ్చింది. పని లేనప్పుడు రెండు చివరలూ కునుకు తీస్తాయి. ఒక చివర సరిగా మేలుకోకపోతే కనెక్షను తెగుతుంది. మా మనవడు ఫోనులో చెబుతుండగా డివైస్ మేనేజరు తెరిచి, ముందుగా కార్డును నిద్రపుచ్చే అనుమతి టిక్కు తీసేశాను. ఒకేసారి రెండు మార్పులు చేయవద్దని వాడి షరతు. రెండు రోజులు చూశాం, పోతూనే ఉంది. మూడోరోజు 'ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్' అన్నచోట 'డిసేబుల్డ్' పెట్టాను. ఆగిపోవడం ఆగింది. మెకానిక్కు డ్రైవరును మళ్ళీ వేసిన రెండుసార్లూ అది ఆ పొదుపు అమరికతోనే తిరిగి కూర్చుంది. అందుకే మందు వేసినకొద్దీ జబ్బు అలాగే ఉంది. ఏడువేలు మిగిలాయి.

అమ్మగారికి కబురు చేశాం. నాలుగోసారి వచ్చారు. వేలిముద్ర పెట్టి, కళ్ళజోడు సరిచేసుకుని తెర వంకే చూస్తూ కూర్చున్నారు. పావుగంటలో రసీదు ప్రింటు అయింది. పుస్తకంలో ఆ రోజు తేదీ వేసి, పక్కన 'పోలేదు' అని రాశాను.