గ్యాస్ లేని అంతర్-చెయిన్ స్టేబుల్‌కాయిన్ జమ

చేతిలో ఈథర్ వంటి నాణెం లేకున్నా, ఒక బ్లాక్‌చెయిన్‌లోని స్టేబుల్‌కాయిన్‌ను మరో చెయిన్‌లోని వికేంద్రీకృత రుణ వేదికలో జమ చేసే ఏర్పాటు. పేరు కాస్త మభ్యపెడుతుంది: గ్యాస్ అనే లావాదేవీ రుసుము ఎక్కడికీ పోదు, కట్టే చెయ్యి మారుతుందంతే. వాడుకరి సంతకం చేస్తే, అతడి తరఫున లావాదేవీని పంపే రిలేయర్ గ్యాస్ కట్టి, తరచు ఆ ఖర్చును స్టేబుల్‌కాయిన్‌లోనే రాబట్టుకుంటాడు. యూఎస్‌డీసీ అనే స్టేబుల్‌కాయిన్‌లో ఇందుకు, సంతకంతోనే బదిలీకి అనుమతిచ్చే ఈఐపీ-3009 పద్ధతి ఉంది. దాన్ని జారీచేసే సర్కిల్ సంస్థ 2023లో తెచ్చిన అంతర్-చెయిన్ బదిలీ పద్ధతి సీసీటీపీ, నాణేలను బయలుదేరిన చెయిన్‌లో రద్దు చేసి, సర్కిల్ ధ్రువీకరణ అందాక చేరవలసిన చెయిన్‌లో కొత్తగా ముద్రిస్తుంది. తాళం వేసిన నిల్వ ఉండదు గనుక, 2022లో రోనిన్ అనే అంతర్-చెయిన్ వంతెనను కొల్లగొట్టినట్టు దోచుకోవడానికి అక్కడ ఖజానా లేదు. బదులుగా సర్కిల్‌ను నమ్మాలి. రుణ వేదిక ఆవే మూడో వెర్షన్ మరొకరి పేరిట జమను అనుమతిస్తుంది కాబట్టి మధ్యవర్తి కాంట్రాక్టు చివరి అంచె పూర్తిచేయగలదు. అసలు చిక్కు అక్కడే. డబ్బు చేరాక జమ పరిమితి నిండిపోయి ఉంటే, కాంట్రాక్టు దాన్ని వాడుకరి వాలెట్‌కే పంపేలా ముందే రాసిపెట్టాలి.