అడవి మనిషికి అండగా



ఒరాంగుటాన్ అన్న పేరు మీరు వినే ఉంటారు. మలయ్ భాషలో 'ఓరాంగ్' అంటే మనిషి, 'హుటాన్' అంటే అడవి. బోర్నియో, సుమత్రా దీవుల అడవుల్లో తప్ప మరెక్కడా సహజంగా కనిపించని ఈ తోకలేని వానరానికి అక్కడివారు పెట్టిన పేరు 'అడవి మనిషి'. తల్లిని పోగొట్టుకున్న ఒరాంగుటాన్ పిల్లలకు సేవ చేయాలని ఎన్నో దేశాల నుంచి యువతీయువకులు అక్కడి పునరావాస కేంద్రాలకు వెళుతున్నారు. మీ ఇంటి పిల్లలకూ రేపు అలాంటి కోరిక కలగవచ్చు. అందుకే ఆ సేవ చరిత్ర కొంత తెలుసుకుందాం.

1855లో ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ అనే ఆంగ్లేయ ప్రకృతి శాస్త్రజ్ఞుడు బోర్నియోలోని సారవాక్‌లో ఒరాంగుటాన్లను వేటాడాడు. ఒక తల్లిని కాల్చినప్పుడు దాని పసికూన ఆయనకు దొరికింది. పాలు దొరక్క గంజి పట్టాడు. కరచుకుని పడుకోవడానికి గేదె తోలుతో ఒక బొమ్మ తల్లిని చేసి ఇచ్చాడు. ఎంత చేసినా ఆ కూన సుమారు మూడు నెలలకే చనిపోయింది.

ఆ తరువాత నూరేళ్లకు, 1956 నుంచి, అదే సారవాక్‌లో బార్బరా హారిసన్ అనే ఆమె అనాథ పిల్లలను తన ఇంట్లోనే సాకింది. బతికించడం ఒక ఎత్తు, తిరిగి అడవిలో బతకడం నేర్పడం మరొక ఎత్తు అని ఆమెకు అర్థమైంది. 1964లో సబాలోని సెపిలోక్‌లో పునరావాస కేంద్రం వెలిసింది. 1971లో బిరుటే గాల్డికాస్ ఇండొనేషియా బోర్నియోలోని తాన్‌జుంగ్ పుటింగ్‌లో ఒరాంగుటాన్లపై పరిశోధన మొదలుపెట్టి, పిల్లలనూ చేరదీసింది.

ఇందులో చిక్కేమిటని మీరు అడగవచ్చు. ఒరాంగుటాన్ పిల్ల ఆరేడేళ్లు తల్లిని వదలదు. ఏ పండు ఎప్పుడు పండుతుంది, ఏ చిగురు తినాలి, రాత్రికి కొమ్మలు వంచి పడక ఎలా అల్లుకోవాలి అన్నవన్నీ తల్లి దగ్గరే నేర్చుకుంటుంది. మనిషి ఒడిలో పెరిగిన పిల్లకు ఆ చదువు ఉండదు. పైగా మన జలుబు, క్షయ వంటి జబ్బులు దానికి సోకుతాయి. ఆ జబ్బును అది అడవిలోని తన జాతికి అంటించవచ్చు. ఈ భయంతోనే 1995లో ఇండొనేషియా ఒక నిబంధన పెట్టింది. దాని ప్రకారం, పెంచిన ఒరాంగుటాన్లను అడవి ఒరాంగుటాన్లు ఉన్న చోట వదలకూడదు. సెపిలోక్‌లో పెట్టే మేత కూడా కావాలనే రోజూ ఒకే తీరుగా ఉంటుంది. దానితో విసుగెత్తి అవి అడవిలో తిండి వెతుక్కోవాలని ఉద్దేశం.

కనుక నేడు మంచి కేంద్రానికి వెళ్లిన స్వచ్ఛంద సేవకులకు పిల్లను ఎత్తుకునే పని ఉండదు. బోనులు కడగడం, పండ్లు తరగడం, తాళ్లతో ఊయలలు కట్టడం, వెతికి తినేలా మేతను దాచిపెట్టడం, ఇవీ వారి పనులు. 'డబ్బు కట్టండి, పిల్లను ఎత్తుకుని ఫొటో దిగండి' అని ఎవరైనా పిలిస్తే మీరు అనుమానించండి. అలాంటి ఫొటోలు చూసి ఒరాంగుటాన్‌ను పెంపుడు జంతువనుకునే వారున్నారు. ఒక పిల్లను పట్టుకోవడానికి తరచు దాని తల్లిని చంపుతారు. వెళ్లేముందు, 'మీరు ఎన్నింటిని అడవికి పంపారు? వాటిని ఎక్కడ వదిలారు? ఆ తరువాత అవి ఎలా ఉన్నాయో చూస్తున్నారా?' అని అడగండి.

వెళ్లలేని వారి మాటేమిటి? అడవులు నరికి వేసిన తోటల్లో ఆయిల్ పామ్ తోటలు ముఖ్యమైనవి. పామాయిల్‌ను అత్యధికంగా దిగుమతి చేసుకునే దేశం మనదే. మన వంటింటి నూనెకూ ఆ అడవికీ సంబంధం ఉంది. తాపానులి అనే మూడో జాతి ఒరాంగుటాన్‌ను 2017లోనే గుర్తించారు. అవి 800కు మించి లేవని అంచనా. మూడు జాతులూ నేడు తీవ్ర ప్రమాదంలో ఉన్నాయి.

వాలెస్ చేసి ఇచ్చిన తోలుబొమ్మ ఆ కూనకు తల్లి కాలేకపోయింది. మనుషులూ కాలేరని తరువాతి నూరేళ్ల అనుభవం చెప్పింది. అడవి నిలిస్తేనే ఆ పిల్లలకు తిరిగి వెళ్లే చోటు ఉంటుంది. సేవకు బయలుదేరే పిల్లలకు మీరు చెప్పి పంపవలసిన మాట ఇదే.