సెల్యులార్ జైలు, జాతీయ గుర్తింపు: హాడో నుంచి ఒక పరిశీలన

ఆ మధ్య ఒక మాక్ ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న "మీది ఏ ఊరు?" అని. "హాడో సార్, అండమాన్" అన్నాను. "అది సరే, అసలు ఊరు?" అన్నారు. "శ్రీకాకుళం జిల్లా" అన్నాను. బయటికొచ్చాక ఆలోచిస్తే రెండూ సగం సమాధానాలే అనిపించింది. నేను పుట్టి పెరిగింది హాడోలో. ఆ ప్రశ్న వెనక జనరల్ స్టడీస్ పేపర్-1లో చరిత్రకూ సమాజానికీ సంబంధించిన పెద్ద అంశం ఉంది: జాతీయ గుర్తింపును ఎవరు, ఎలా నిర్మిస్తారు? దీనికి మ్యూజియాలు ఇచ్చే జవాబును మా ఊరి చుట్టుపక్కల నుంచే చూద్దాం.

నేపథ్యం

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ ఖైదీల వలసను ప్రారంభించింది. 1858 మార్చి 10న జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో చాథం ద్వీపం చేరాడు. ఈ రోజు చాథంను హాడోతో ఒక వంతెన కలుపుతుంది. 1883 నాటి రంపపు మిల్లు ఉన్నది అక్కడే. అంటే 'కాలాపానీ' కథ మొదలైన చోటు మా ఇంటికి నడక దూరం.

సెల్యులార్ జైలు మాత్రం చాలా తర్వాతిది. నిర్మాణం 1896లో మొదలై 1906లో పూర్తయింది. మధ్య గోపురం నుంచి ఏడు విభాగాలు చక్రపు ఆకుల్లా ఉండేవి. ఇప్పుడు మూడే మిగిలాయి. 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయ్ దీన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు.

సందర్శకుడు పాల్గొనే ప్రదర్శన

ఇక్కడ సందర్శకుడు ఊరికే చూసి వెళ్లడు. ఒంటరి గదిలోకి స్వయంగా అడుగుపెడతాడు, తలకు అందనంత ఎత్తులో ఉన్న కిటికీని చూస్తాడు. నూనె గానుగ ముందు నిలబడి, రోజుకు 30 పౌన్ల కొబ్బరి నూనె తీయాలన్న లెక్కను తన ఒంటితో ఊహించుకుంటాడు. సాయంత్రం ధ్వని-కాంతి ప్రదర్శనలో ఆవరణలోని రావిచెట్టే కథకుడు. గొంతు నటుడు ఓం పురిది. మధ్య గోపురంలో పాలరాతి పలకల మీద పేర్లుంటాయి. తమ రాష్ట్రం వాళ్ల పేర్ల కోసం వెతకని సందర్శకుడు అరుదు.

ఆ వెతుకులాటే అసలు విషయం. 'ఇమాజిన్డ్ కమ్యూనిటీస్' రచయిత బెనెడిక్ట్ ఆండర్సన్ 1991 ముద్రణలో జనగణన, పటం, మ్యూజియం మీద ఒక అధ్యాయం చేర్చారు. వలస ప్రభుత్వాలు తమ ఏలుబడిని ఊహించుకున్న తీరును ఈ మూడూ తీర్చిదిద్దాయని, స్వతంత్ర రాజ్యాలకూ అవే వారసత్వంగా వచ్చాయని ఆయన వాదన. సెల్యులార్ జైలు దీనికి మంచి ఉదాహరణ: సామ్రాజ్యం కట్టిన చెరసాలే జాతి యాత్రాస్థలమైంది.

ఒకే గోడ మీద పట్టని చరిత్ర

మొదటిది, తెలుగు నేల సంబంధం. 1857 జూలై 17న హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీపై దాడికి తుర్రేబాజ్ ఖాన్‌తో పాటు నాయకత్వం వహించిన మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఆయన ఇక్కడే మరణించారు. ఆయన సెల్యులార్ జైలులో ఉన్నారని చాలాచోట్ల రాస్తుంటారు. అది కుదరదు, ఆయన కాలానికి ఆ జైలే లేదు. కాలాపానీ అంటే ఒక భవనం అనుకోవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. పరీక్షలో ఈ తేడా గుర్తుంచుకోండి.

రెండోది, 1943 డిసెంబర్ 30. నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగురవేసిన రోజు. సరిగ్గా నెల తర్వాత, 1944 జనవరి 30న, హంఫ్రీగంజ్‌లో జపాన్ సైన్యం గూఢచారులన్న అనుమానంతో 44 మంది భారతీయులను కాల్చిచంపింది. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చదివితేనే ఆక్రమణ కాలం అర్థమవుతుంది.

మూడోది, ఆదివాసులు. 1859లో గ్రేట్ అండమానీలు బ్రిటిష్ స్థావరం మీద అబర్డీన్ యుద్ధం చేశారు. అయినా వాళ్లను మనం ఎక్కువగా చూసేది ఫీనిక్స్ బేలోని మానవశాస్త్ర మ్యూజియంలో. స్వాతంత్ర్యయోధులు ఒక భవనంలో, ఆదివాసులు ఇంకో భవనంలో. ఒకరిది 'చరిత్ర', ఇంకొకరిది 'సంస్కృతి' అన్న విభజన అలా మన మనసులోకి వచ్చేస్తుంది.

తేదీలతో కొలిచే గుర్తింపు

2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల జనాభా 3,80,581. మాతృభాషగా బెంగాలీ సుమారు 28 శాతం, తెలుగు సుమారు 13 శాతం. ఇక్కడి ఓబీసీ జాబితాలో '1942కు ముందటి స్థానికులు' ఒక వర్గం. మోప్లాలు, కరెన్లు, భంటులు, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చినవారు కూడా ఉన్నారు. షెడ్యూల్డ్ కులాల జాబితా మాత్రం ఈ కేంద్రపాలిత ప్రాంతానికి లేదు. అందువల్ల తీరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన దళిత కుటుంబానికి స్థానికంగా ఆ హోదా దొరకదు. 'ఎప్పుడు వచ్చారు?' అన్న ప్రశ్న మ్యూజియంలోనే కాదు, ధ్రువపత్రం కోసం నిలబడే వరుసలోనూ ఎదురవుతుంది.

ముందున్న అవకాశం

2018లో రాస్ ద్వీపం నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అయింది. 2023 జనవరి 23న అక్కడ కట్టబోయే నేతాజీ జాతీయ స్మారకం నమూనాను ప్రధాని ఆవిష్కరించారు. మ్యూజియం, లేజర్-ధ్వని ప్రదర్శన, చారిత్రక భవనాల మధ్య నడకదారి ప్రణాళికలో ఉన్నాయి. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. పేర్లు మార్చడం రాజ్యం చేయగలదు. ఆ పేర్లలో తమను తాము చూసుకోవడం మాత్రం ప్రజలే చేయాలి. కొత్త ప్రదర్శనల్లో ఖైదీ, ఆదివాసి, శరణార్థి, హాడో రేవులో ఓడ దిగిన కూలీ నలుగురి గొంతులూ వినిపిస్తే, సందర్శకుడు గోడ మీద పేరు వెతికి ఆగిపోడు. తన కథ ఎక్కడ కలుస్తుందో కూడా చూసుకుంటాడు.

సాధన ప్రశ్న: "స్మారకాలు గతాన్ని భద్రపరచడంతో పాటు వర్తమాన గుర్తింపును కూడా రూపొందిస్తాయి." అండమాన్ ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)

ఈసారి ఇంటర్వ్యూలో "అసలు ఊరు?" అని అడిగితే నా జవాబు సిద్ధంగా ఉంది: "మా పెద్దల ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఉంది సార్. నా ఊరు హాడో."