మారుబేరం: నాన్న అమ్మిన పుస్తకం

ఫిబ్రవరిలో మా పిస్కాటవే దగ్గర ఒక థ్రిఫ్ట్ స్టోర్‌లో, పుస్తకాల అర కింద, ఒక అట్టపెట్టె కనిపించింది. అందులో పదకొండు ఇంజనీరింగ్ పుస్తకాలు. పలచటి అట్ట, పసుపు రంగుకి తిరిగిన కాగితం. తెరిచి వాసన చూస్తే చాలు, అవి ఎక్కడివో తెలిసిపోయింది. మా తాతగారి ఇంట్లో బీరువా తెరిస్తే వచ్చే వాసన అది.

ఇక్కడ అలాంటి పెట్టె దొరకడం వింత కాదు. రట్గర్స్ యూనివర్సిటీ ఇంజనీరింగ్ స్కూల్ మా ఊళ్ళోనే, బుష్ క్యాంపస్‌లో ఉంది. ఇండియా నుంచి పిల్లలు సూట్‌కేసులో పుస్తకాలు తెచ్చుకుంటారు. చదువు అయిపోయాక ఉద్యోగం వచ్చి ఇంకో ఊరు వెళ్తూ వదిలేస్తారు.

ఒక్కోటి ఒక డాలరు. పదకొండూ కొన్నాను. నేను రెండేళ్ళుగా ఇలా కొని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఆ రాత్రి ఫోన్‌లో చెబితే నాన్న నవ్వి, "అయితే మారుబేరం మొదలుపెట్టావన్నమాట" అన్నారు.

ఈ మాట నాకు కొత్త. కొన్న సరుకుని మళ్ళీ లాభానికి అమ్మడమే మారుబేరం. అలా చేసేవాడు మారుబేరగాడు. "మారు" అనే ముక్క మారుపేరులో, మారువేషంలో, మారుతల్లిలో కూడా ఉంది. అంటే అసలుది కాదు, దాని బదులు వచ్చిన రెండోది. నాన్న నవ్వుతూనే అన్నారు కానీ ఆ మాటలో కొంచెం చులకన కూడా ఉంది. కూరగాయలు రైతు దగ్గర కొని బజార్లో రెట్టింపుకి అమ్మేవాడిని అలాగే అంటారట.

తర్వాత వాట్సాప్‌లో అట్టల ఫోటోలు పంపాను. నాలుగో ఫోటో చూసి ఆయన మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి నవ్వలేదు.

"ఒరేయ్, ఆ పుస్తకం నేనూ తెచ్చాను. ఇక్కడ ఒకడికి అమ్మేశాను. అమ్మకూడదు అసలు."

ఎందుకు అమ్మకూడదు? అట్ట మీద ఇంగ్లీషులో ఒక చిన్న పెట్టె గీసి ఉంది. ఈ పుస్తకం ఇండియా, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక లాంటి దేశాల్లో మాత్రమే అమ్మాలి, బయటికి పంపకూడదు అని దాని అర్థం. నాన్న 1998లో ఎమ్మెస్ చదవడానికి వచ్చినప్పుడు హైదరాబాద్ కోఠీలో 195 రూపాయలకి దాన్ని కొన్నారు. అదే పుస్తకం ఇక్కడ క్యాంపస్ షాపులో 90 డాలర్ల దాకా ఉండేదట. ఒక సెమిస్టర్ అయ్యాక క్లాస్‌మేట్ అడిగితే 40 డాలర్లకి ఇచ్చేశారు. అప్పటి లెక్కలో అది దాదాపు 1700 రూపాయలు. ఇచ్చేముందు అట్ట మీద రాసింది కనిపించకుండా బ్రౌన్ పేపర్ వేశారు. ఆ బ్రౌన్ పేపర్ సంగతి ఆయన ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా.

అందుకే ఈసారి చరిత్ర రాస్తున్నాను. నాన్న తప్పు చేశారా లేదా అని వెతుకుతూ వెళ్తే, ఇది ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ దగ్గర మొదలై సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది.

ముందు కోఠీ. అక్కడ పుస్తకాల షాపుల్లో కొత్తవీ పాతవీ కలిపే అమ్ముతారు. నాన్న చెప్పిన పద్ధతి ఇది: జూన్‌లో సెకండ్ హ్యాండ్ పుస్తకం సగం ధరకి కొనాలి. పరీక్షలు అయ్యాక అదే షాపుకి తీసుకెళ్తే ఇంకో సగం తగ్గించి తీసుకుంటారు. మళ్ళీ జూన్‌లో ఇంకో పిల్లాడికి సగం ధర. ఒకే పుస్తకం ఐదారుగురు చదివేవారు, మార్జిన్‌లో ఐదారు చేతిరాతలు ఉండేవి. ఆదివారం అయితే ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి కాబట్టి ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు. విజయవాడలో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపులు ఉన్నాయి. అక్కడెవరూ "ఇది అమ్మే హక్కు నాకుందా?" అని అడగరు. డబ్బు పెట్టి కొన్నాడు, అమ్ముతున్నాడు. అంతే.

అమెరికాలో ఆ "అంతే" అనే మాట కోర్టులో రుజువు కావాల్సి వచ్చింది. 1900ల మొదట్లో బాబ్స్ మెరిల్ అనే పబ్లిషర్ "ది క్యాస్టవే" అనే నవల వేసింది. లోపల ఒక నోటీసు అచ్చువేసింది: దీని ధర ఒక డాలరు, తక్కువకి అమ్మితే కాపీరైట్ ఉల్లంఘన అవుతుంది. ఉల్లంఘన అంటే నియమం దాటడం. న్యూయార్క్‌లో మేసీస్ స్టోర్ ఆ పుస్తకాన్ని 89 సెంట్లకి అమ్మింది. పబ్లిషర్ కేసు వేసింది. 1908లో సుప్రీం కోర్టు మేసీస్ వైపు చెప్పింది. పబ్లిషర్ ఒకసారి పుస్తకం అమ్మేశాక, ఆ కాపీ మీద తర్వాతి ధర తాను చెప్పలేదు. నోటీసు అచ్చువేసినంత మాత్రాన అది చట్టం అయిపోదు. దీన్ని మొదటి అమ్మకం నియమం అంటారు. మరుసటి ఏడాది, 1909లో, పార్లమెంటు లాంటి ఇక్కడి కాంగ్రెస్ దాన్ని చట్టంలో పెట్టింది. 1976 చట్టంలో కూడా ఉంది.

అంటే థ్రిఫ్ట్ స్టోర్లు, గరాజ్ సేల్స్, లైబ్రరీలు, నేను, అందరం ఆ 11 సెంట్ల తేడా మీద నిలబడి ఉన్నాం.

కానీ 1976 చట్టంలో ఒక మెలిక ఉంది. "ఈ చట్టం ప్రకారం న్యాయంగా తయారైన" కాపీని కొన్నవాడు అమ్ముకోవచ్చు అని రాశారు. మరి ఢిల్లీలోనో చెన్నైలోనో అచ్చైన పుస్తకం అమెరికా చట్టం "ప్రకారం" తయారైనట్టా? ఇంకో చోట, కాపీరైట్ ఉన్నవాడి అనుమతి లేకుండా బయట కొన్న కాపీలు అమెరికాలోకి తేకూడదు అని ఉంది. సొంతానికి ఒక కాపీ తెచ్చుకోవచ్చు. అంటే నాన్న సూట్‌కేసులో తేవడం తప్పు కాదు. గొడవంతా అమ్మకం దగ్గరే.

ఈ రెండు ధరలు ఎందుకొచ్చాయో కూడా చెప్పాలి. ఇండియాలో ఏ స్టూడెంటూ ఒక పుస్తకానికి 90 డాలర్లు పెట్టలేడు. పెట్టమంటే జిరాక్స్ తీయించుకుంటాడు. అందుకని పబ్లిషర్లే చవక కాగితం మీద చవక ఎడిషన్లు వేశారు. ప్రెంటిస్ హాల్ ఆఫ్ ఇండియా వాళ్ళ "ఈస్టర్న్ ఎకానమీ ఎడిషన్", టాటా మెక్‌గ్రా హిల్, వైలీ ఈస్టర్న్. మన అమ్మానాన్నల తరం ఇంజనీర్లని అడగండి, ఈ పేర్లు వినగానే మొహం వెలుగుతుంది. ఆ ఎడిషన్లు మంచి పనే అని నేను అనుకుంటున్నాను. అవి లేకపోతే మనలో చాలామంది ఇక్కడ పుట్టేవాళ్ళం కాదేమో.

రెండు ధరల మధ్య గోడ చాలా కాలం నిలిచింది, ఎందుకంటే సముద్రం మధ్యలో ఉంది. ఇంటర్నెట్ వచ్చి ఆ గోడకి కన్నం పెట్టింది. 1995లో ఈబే మొదలైంది. అక్కడ మొదట అమ్ముడైన వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్ అంటారు. 2000లో అమెజాన్ కూడా బయటివాళ్ళని తన సైట్‌లో అమ్మనిచ్చింది. ఇక కోఠీలో కొన్నవాడు కాలిఫోర్నియాలో అమ్మవచ్చు.

అలా చేసినవాడు మనవాడు కాదు, థాయిలాండ్ వాడు. పేరు సుపాప్ కిర్ట్‌సాంగ్. 1997లో గణితం చదవడానికి కార్నెల్ యూనివర్సిటీకి వచ్చాడు, నాన్న కంటే ఒక్క ఏడాది ముందు. తర్వాత సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరాడు. టెక్స్ట్‌బుక్కులు థాయిలాండ్‌లో చవక అని గమనించి, అక్కడి ఇంటివాళ్ళని, స్నేహితులని కొని పంపమన్నాడు. ఇక్కడ అమ్మాడు, వాళ్ళ డబ్బు వాళ్ళకిచ్చి లాభం ఉంచుకున్నాడు. శుద్ధ మారుబేరం. 2008లో జాన్ వైలీ అండ్ సన్స్ కేసు వేసింది. ఆ కంపెనీ ఆఫీసు మా న్యూజెర్సీలోనే, హోబోకెన్‌లో ఉంది. ఎనిమిది పుస్తకాల గురించి కేసు. జ్యూరీ ఒక్కో పుస్తకానికి 75,000 డాలర్లు వేసింది. మొత్తం 6,00,000. ఒక స్టూడెంటు మీద. 2011లో పై కోర్టు కూడా అదే చెప్పింది: విదేశంలో తయారైన కాపీకి మొదటి అమ్మకం నియమం వర్తించదు.

దానికి ముందే, 2010లో, ఢిల్లీ హైకోర్టులో కూడా వైలీ కేసు ఒకటి నడిచింది. అక్కడ కొందరు ఇండియా చవక ఎడిషన్లని ఆన్‌లైన్‌లో విదేశాలకి అమ్ముతున్నారు. కోర్టు అమ్మవద్దని ఆర్డర్ ఇచ్చింది. ఇది చదివినప్పుడు నాకు గుండె జారింది. రెండు దేశాల్లోనూ నాన్న బ్రౌన్ పేపర్ భయం నిజమే అనిపించింది.

కిర్ట్‌సాంగ్ కేసు 2012 అక్టోబర్ 29న సుప్రీం కోర్టులో వాదనకి వచ్చింది. ఆ తేదీ న్యూజెర్సీ వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రమే శాండీ తుఫాను మా తీరాన్ని తాకింది. వాషింగ్టన్‌లో ప్రభుత్వ ఆఫీసులు మూసేశారు, కానీ కోర్టు ఆ ఉదయం కూర్చుంది. నేను చిన్నవాడిని. కరెంటు పోయి, మేమంతా దుప్పట్లు కప్పుకుని హాల్లో పడుకున్నాం. నాన్న తన పాత పుస్తకం గురించి ఎక్కడో వాదన జరుగుతోందని తెలియకుండా టార్చిలైట్‌కి బ్యాటరీలు వెతుకుతున్నారు.

2013 మార్చి 19న తీర్పు వచ్చింది. ఆరుగురు జడ్జీలు కిర్ట్‌సాంగ్ వైపు, ముగ్గురు అటు. జస్టిస్ బ్రేయర్ రాసిన తీర్పు సారం ఇది: "ఈ చట్టం ప్రకారం" అనే మాటలో దేశం పేరు లేదు. న్యాయంగా అచ్చైతే చాలు, ఎక్కడ అచ్చైనా కొన్నవాడు అమ్ముకోవచ్చు. ప్రతి దేశంలో వేరే ధర పెట్టుకునే హక్కు కాపీరైట్‌లో తప్పనిసరి భాగం కాదు. జస్టిస్ గిన్స్‌బర్గ్ ఒప్పుకోలేదు. చవక విదేశీ కాపీలు రాకుండా పబ్లిషర్లని కాపాడాలనే కాంగ్రెస్ ఆ చట్టం చేసింది, దాన్ని మీరు తీసేస్తున్నారు అన్నారు. ఆమె మాటలో బలం ఉంది. గోడ పడిపోతే పబ్లిషర్ అమెరికాలో ధర తగ్గించకుండా, ఇండియాలో పెంచవచ్చు కదా.

ఆ తీర్పులో నాకు బాగా నచ్చిన భాగం లైబ్రరీల గురించి. అమెరికా లైబ్రరీల్లో విదేశాల్లో అచ్చైన పుస్తకాలు కనీసం 20 కోట్లు ఉన్నాయని లైబ్రరీ సంఘాలు కోర్టుకి చెప్పాయి. వైలీ వాదన నిజమైతే ప్రతి పుస్తకానికీ అనుమతి తెచ్చుకోవాలా? ఆ 20 కోట్లలో తెలుగు పుస్తకాలు కూడా ఉంటాయి. ఇండియా అప్పట్లో అమెరికా గోధుమలు కొని రూపాయల్లో డబ్బు కట్టేది. 1962 నుంచి ఆ రూపాయల్లో కొంత పెట్టి, పీఎల్ 480 అనే పథకం కింద, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఇండియా భాషల పుస్తకాలు కొని ఇక్కడి యూనివర్సిటీలకి పంపింది. మనం లైబ్రరీ నుంచి తెచ్చుకునే పాత తెలుగు నవలల్లో కొన్ని అలా వచ్చినవే.

ఇప్పుడు నాన్న సంగతి. సుప్రీం కోర్టు 2013లో కొత్త చట్టం చేయలేదు. 1976 చట్టానికి అర్థం చెప్పింది. అంటే 1998లో కూడా ఆ చట్టానికి అర్థం అదే. ఎవరూ అప్పటికి అలా పైకి చెప్పలేదు, అంతే తేడా. ఇది నాన్నకి ఫోన్‌లో తెలుగులో చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. "తీర్పు" అనే మాట బదులు మొదట "తీరు" అన్నాను. ఆయన అంతా విని, "మరి బ్రౌన్ పేపర్ ఎందుకు వేశాను రా?" అన్నారు. దానికి కోర్టు జవాబు చెప్పదు కదా. నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత కథ పబ్లిషర్లు ఇంకో దారిలో నడిపారు. పుస్తకంతో పాటు ఒక యాక్సెస్ కోడ్ పెడతారు, హోంవర్క్ దాంట్లోనే చేయాలి, అది ఒక్కసారే పనిచేస్తుంది. ఈబుక్ అయితే అద్దెకి ఇస్తారు, సెమిస్టర్ అవగానే మాయమైపోతుంది. రీడిజి అనే కంపెనీ వాడేసిన డిజిటల్ పాటల్ని అమ్మబోతే 2018లో న్యూయార్క్ అప్పీల్స్ కోర్టు కుదరదంది. ఫైల్ పంపడం అంటే కొత్త కాపీ చేయడమే, మొదటి అమ్మకం నియమం కాగితానికి పనిచేసినట్టు దానికి పనిచేయదు. నా తమ్ముడు ఈ ఏడాది రట్గర్స్‌లో చేరాడు. వాడి దగ్గర అమ్మడానికి ఒక్క పుస్తకం కూడా మిగలదు.

నా లెక్క కూడా రాస్తాను, ఎవరైనా ఇది పెద్ద వ్యాపారం అనుకుంటారేమో. పదకొండులో ఏడు అమ్ముడయ్యాయి. బాగా పోయినది 24 డాలర్లకి పోయింది. అందులో సైట్ కమీషన్ 4, పోస్టు 5, కవర్ 1, కొన్న ధర 1. మిగిలింది 13. మిగతావి ఇంకా తక్కువ. మూడు ఎవరూ అడగలేదు. వర్ణనలో "ఇండియన్ ఎడిషన్" అని స్పష్టంగా రాశాను, అట్ట మీది పెట్టె కనిపించేలా ఫోటో పెట్టాను.

నాలుగో ఫోటోలోని పుస్తకం మాత్రం లిస్ట్ చేయలేదు. గత ఆదివారం నాన్న మా ఇంటికి వచ్చి బల్ల మీద దాన్ని చూశారు. మొదటి పేజీలో షాపు ముద్ర చదవడానికి కళ్ళజోడు పెట్టుకున్నారు. కోఠీదే, కానీ ఆయన కొన్న షాపు కాదు.

"ఎంతకిస్తావు?"

"ఇరవై."

"ఒక డాలరుకి కొని ఇరవయ్యా? సగానికి సగం, ఐదు ఇస్తాను. చదివాక తెచ్చిస్తే రెండున్నరకి వెనక్కి తీసుకోవాలి."

తీసుకుంటానన్నాను.