గాజు పటం వెనక బంగారు రేకు



పోయిన వారం మన గ్రూపులో ఒకరు ఇంట్లో ఉన్న పాత గాజు పటం ఫోటో పెట్టి, దీన్ని ఎలా కడగాలి అని అడిగారు. జవాబు ముందే చెప్పేస్తాను. కడగకండి. ఎందుకో చెప్పాలంటే ఆ పటం ఎలా తయారైందో చెప్పాలి, అది ఎవరి చేతుల్లో తయారైందో కూడా చెప్పాలి. నేను చదివింది తమిళ మీడియం, కాబట్టి మధ్యలో తమిళ మాటలు దొర్లుతాయి.

తంజావూరు పటాల్లో రెండు రకాలు. చెక్క మీద గుడ్డ అంటించి, సుద్ద మెత్తి, రాళ్ళు పొదిగి, బంగారు రేకు అతికేది ఒకటి. తమిళంలో 'పలగై పడం' అంటారు. ఇది అందరికీ తెలుసు, ఇప్పుడు పెళ్ళిళ్ళలో బహుమతిగా కూడా ఇస్తున్నారు. రెండోది 'కన్నాడి పడం', అంటే గాజు పటం. దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ.

గాజు పటంలో రంగు ముందువైపు ఉండదు. వెనకవైపు వేస్తారు, మనం గాజులోంచి చూస్తాం. అందువల్ల పని వరసంతా తిరగబడుతుంది. చెక్క మీదైతే ముందు వెనకతెర, తర్వాత ఒళ్ళు, చివర్న కంటిపాప. గాజు మీద కంటిపాప, కనుబొమ్మ, ముక్కుగీత ముందు వెయ్యాలి. ఒంటి రంగు వాటిమీద పడుతుంది, తెర అన్నిటికన్నా ఆఖరు. ఒంటి రంగు వేశాక కనుబొమ్మ దిద్దుదామంటే కుదరదు. కుడిఎడమలూ మారతాయి. దేవుడి అభయహస్తం చూసేవాళ్ళకి ఎడమపక్కన కనపడాలంటే, వేసేవాడు తన కుడిపక్కన వెయ్యాలి. అందుకని ముందుగా తిరగేసి గీసిన చిత్తు బొమ్మను గాజు కింద పెట్టుకుంటారు. అక్షరాలు రాయాలంటే ఇంకా చిక్కు. మన తెలుగు తలకట్టునే తిరగేసి రాసి చూడండి, చెయ్యి ఎంత మొరాయిస్తుందో!

ఇక బంగారం. కిరీటం, హారం, తోరణం ఉన్నచోట రంగు వెయ్యకుండా ఖాళీ వదులుతారు. చుట్టూ రంగు ఆరాక, ఆ ఖాళీ వెనక రేకు పెడతారు. రేకు అంచు వంకరగా చిరిగి ఉన్నా ఏమీ కాదు. ముందునుంచి మనకు కనపడే అంచు రేకుది కాదు, రంగుది. అంటే చీర రంగు, ఒంటి రంగు, తెర రంగు బొమ్మకి రంగులే కాకుండా, బంగారానికి హద్దు గీసే మాస్కు కూడా.

మాస్కు అనే మాట బోర్డులు రాసేవాళ్ళది. గాజు తలుపుల మీద బంగారు అక్షరాలు రాసే పనిలో, వట్టి గాజు వెనక పల్చని ఫిల్ము అంటించి, కావలసిన మేరకు కోసి తీసి, ఆ సందులో అంచు రంగు వేస్తారు. రంగు పూర్తిగా బిగుసుకోకముందే ఫిల్ము లాగెయ్యాలి, లేకపోతే అంచు చిరిగి వస్తుంది. అంచు రంగు ఆరాక, జెలటిన్ కరిగించిన నీళ్ళతో గాజు తడిపి బంగారు రేకు పరుస్తారు. మాస్కు పని రేకుకి ముందే అయిపోవాలి, ఎందుకంటే రేకు మీద ఫిల్ము అంటిస్తే బంగారం దానితోపాటు లేచిపోతుంది. ఆ రేకు మందం మిల్లీమీటరులో సుమారు పదివేలో వంతు మరి! చివరికి అక్షరం మేర వెనక రంగు పూసి, అది ఎండాక, తడి దూదితో తుడుస్తారు. రంగు కప్పినచోట బంగారం నిలుస్తుంది, మిగతాది దూదికి వచ్చేస్తుంది.

ఆ తడి దూదిని గుర్తుపెట్టుకోండి. పటం వెనక మీరు తడిగుడ్డ పెట్టడం కూడా అదే పని. వెనక గట్టి పూత లేని చోట రంగు పొర లేస్తుంది, రేకు ఊడుతుంది.

ఈ విద్య మన దేశంలో పుట్టింది కాదు. గాజుకి బంగారం అతికి సూదితో గీసే పద్ధతిని 1400 ప్రాంతంలోనే ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని రాసిపెట్టాడు. గాజు వెనక బొమ్మ వెయ్యడం యూరప్ నుంచి చైనాకి, చైనా కాంటన్ రేవు వ్యాపారంతో 18వ శతాబ్దంలో మనకి వచ్చింది. మంచి పలక గాజు కూడా ఓడల్లో రావలసిందే. తంజావూరులో ఇది మరాఠా రాజుల కాలంలో, ముఖ్యంగా రెండవ శరభోజి (1798–1832) నాటి కళాపోషణలో కుదురుకుంది.

వేసినవాళ్ళు ఎవరు? తంజావూరు, తిరుచ్చి రాజులు, మదురై నాయుళ్ళు అని కళాచరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. ఇద్దరూ తెలుగు మాట్లాడేవాళ్ళే, విజయనగరం పడిపోయాక, నాయకరాజుల కాలంలో దక్షిణానికి వచ్చిన చిత్రకారుల కుటుంబాలు. (ఈ రాజులని రాజపాళయం రాజులతో కలపకండి, వాళ్ళ చరిత్ర వేరు.) తంజావూరు నాయకరాజ్యం 1673లో పోయింది. పోషించే దొరలు మారారు, భాష మారింది, వీళ్ళ కుంచె మాత్రం ఆగలేదు.

మనవాళ్ళు కొందరు దీన్ని పట్టుకుని 'తంజావూరు పటం అంతా తెలుగువాళ్ళదే' అని పోస్టులు పెడుతున్నారు. నాకు అది నచ్చదు. గాజు యూరప్‌ది, పద్ధతి చైనా మీదుగా వచ్చింది, పోషించింది మరాఠీ రాజు, కొని పూజించింది ఎక్కువగా తమిళ ఇళ్ళు. మనవాళ్ళది చెయ్యి. ఆ చెయ్యి చేసింది తక్కువేమీ కాదు. కానీ చాలా పటాల మీద సంతకం ఉండదు కాబట్టి, పటం పాడైతే ఆ మనిషి గురించి చెప్పే చివరి కాగితం కూడా పోయినట్టే.

కాబట్టి పటం ఉన్నవాళ్ళకి ఒక మనవి. ముందువైపు గాజు మాత్రం పొడిగుడ్డతో తుడవండి. వెనక అట్ట ఊడదియ్యకండి. రంగు రాలుతుంటే, గాజు కిందికి వచ్చేలా బల్లమీద పడుకోబెట్టి ఉంచండి, లేచిన పొర గాజు మీదే ఉంటుంది. వానాకాలం చెమ్మ పట్టే గోడకి, దీపం పక్కన తగిలించకండి. పాత సామాను కొనేవాళ్ళు వచ్చి 'ఫ్రేము బాగుంది, బొమ్మ పోయింది' అంటే, ఇచ్చేముందు ఒక్కసారి మన గ్రూపులో చూపించండి.

ఫోటో పెట్టేటప్పుడు పటం కొలత, ఏ ఊరి ఇంట్లోంచి వచ్చింది, ఎన్ని తరాలుగా ఉంది అన్నవి రాయండి. అట్ట ఇప్పటికే ఊడి ఉంటే వెనకవైపు ఫోటో కూడా కావాలి, ముందుకన్నా అదే ఎక్కువ చెబుతుంది.